వేప్ కాయిల్‌లో రుచి ఎక్కడ పుడుతుంది, ఆవిరి ఎక్కడ పెరుగుతుంది

వేప్ అంటే ద్రవాన్ని బ్యాటరీ వేడితో ఆవిరి చేసి పీల్చే పరికరం. అందులో ద్రవాన్ని పీల్చుకున్న దూది చుట్టూ చుట్టి ఉండే వేడెక్కే తీగే కాయిల్. సొంతంగా కాయిల్ చుట్టుకునేవాళ్లు ఇద్దరు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న 'ఎన్ని ఓమ్‌లు?' అన్నదే. 0.3 అనో 0.5 అనో ఒక అంకె వినగానే ఆ కాయిల్ సంగతంతా తెలిసిపోయినట్టు తలాడిస్తారు. నిజానికి ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. ఒకే 0.4 ఓమ్ కాయిల్‌ను సన్న తీగతో చుట్టవచ్చు, లావు తీగతోనూ చుట్టవచ్చు. మొదటిది బటన్ నొక్కగానే భగ్గుమంటుంది, రెండోది కాసేపు ఆగి గానీ వేడెక్కదు. మొదటిదాని ఆవిరి పలచగా, ఘాటుగా ఉంటే రెండోదాని ఆవిరి చిక్కగా, వెచ్చగా ఉంటుంది. కాయిల్ గురించి అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. తీగ ఎంత ఉపరితలాన్ని ద్రవానికి ఆనిస్తోంది? ఆ ఉపరితలం మీద ఎంత వేడి పడుతోంది? ఆ వేడికి సరిపడా ద్రవాన్ని దూది అందించగలుగుతోందా? ఈ మూడింటిలో చివరి ప్రశ్నను చాలామంది అసలు వేసుకోరు. రుచికైనా ఆవిరికైనా హద్దు గీసేది మాత్రం అదే.

బటన్ నొక్కిన క్షణం నుంచి జరిగే పనిని వరుసగా చూస్తే విషయం తేటపడుతుంది. బ్యాటరీ నుంచి వచ్చిన విద్యుత్తు తీగను వేడి చేస్తుంది. తీగ తనకు ఆనుకుని ఉన్న ద్రవాన్ని మరిగిస్తుంది. మరిగి లేచిన ఆవిరికి బయటి నుంచి వచ్చే చల్లగాలి తగలగానే అది మళ్లీ అతి సూక్ష్మమైన బిందువులుగా మారుతుంది. నోటి నుంచి వదిలినప్పుడు తెల్లని మబ్బులా కనిపించేది ఈ బిందువుల గుంపే. అసలైన ఆవిరి కంటికి కనిపించదు. కాబట్టి మబ్బు పెద్దది కావాలంటే రెండు పనులు జరగాలి: ఎక్కువ ద్రవం మరగాలి, మరిగినది సరిగ్గా చల్లబడి బిందువులు కట్టాలి.

ద్రవంలో ఎక్కువ భాగం రెండు పదార్థాలు. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, పలచగా ఉంటుంది, సువాసన పదార్థాలను తనలో బాగా కరిగించుకుంటుంది. గ్లిజరిన్ మరిగేది 290 డిగ్రీల దగ్గర. అది చిక్కగా, కొద్దిగా తియ్యగా ఉంటుంది, దట్టమైన తెల్లని బిందువులను ఇచ్చేది ప్రధానంగా అదే. వాడుకలో వీటిని పీజీ, వీజీ అంటారు. పెద్ద మబ్బులు కోరేవాళ్లు వీజీ 70 శాతమో అంతకన్నా ఎక్కువో ఉన్న ద్రవం ఎంచుకోవడానికి కారణం ఇదే. ఆ ఎంపికతోనే దూది మీద భారం పెరుగుతుందన్న సంగతి తర్వాత వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. ఒక గ్రాము గ్లిజరిన్‌ను గది వేడిమి నుంచి మరిగే దాకా తెచ్చి, ఆవిరిగా మార్చడానికి అటూ ఇటూగా 1,500 జౌళ్ల శక్తి కావాలి. 40 వాట్ల మీద మూడు సెకన్లు పీలిస్తే ఖర్చయ్యేది 120 జౌళ్లు. అందులో ఒక్క జౌలు కూడా వృథా కాకపోతే 80 మిల్లీగ్రాముల ద్రవం ఆవిరవుతుంది. నిజంగా ఆవిరయ్యేది ఇంతకన్నా తక్కువే. కొంత వేడి తీగ కాళ్ల (రెండు చివరల) గుండా దాన్ని బిగించే లోహపు పోస్టుల్లోకి, కొంత గాలిలోకి, ఇంకొంత చుట్టుపక్కల ద్రవాన్ని ఊరికే వెచ్చబెట్టడానికి పోతుంది. వాట్లు రెట్టింపు చేస్తే ఆవిరి కూడా రెట్టింపు అవుతుందన్న నమ్మకం ఈ లెక్క నుంచే పుడుతుంది. ద్రవం అందుతున్నంత వరకు ఆ నమ్మకం సరైనదే.

ఈ లెక్కకు మరో ముఖం కూడా ఉంది. ఎక్కువ ద్రవం ఆవిరైతే అందులోని నికోటిన్ కూడా ఆ మేరకు ఎక్కువగా లోపలికి పోతుంది. సిగరెట్‌లా సన్నగా పీల్చే చిన్న పరికరంలో మిల్లీలీటరుకు 12 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న ద్రవం సరిపోయినవాళ్లు అదే ద్రవాన్ని 80 వాట్ల కాయిల్‌లో వాడితే తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. పెద్ద కాయిల్ వాడేవాళ్లు 3 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఆగడం వెనుక ఉన్నది అభిరుచి కాదు, మోతాదు లెక్క. నికోటిన్ వ్యసనకారి. ఆవిరి పెంచే ప్రతి మార్పూ ఆ మోతాదును కదుపుతుందని మరవకూడదు.

తీగ లోపలి లెక్క

తీగ నిరోధం దాని పొడవుతో పాటు పెరుగుతుంది, అడ్డకోత వైశాల్యం పెరిగితే తగ్గుతుంది. పాఠశాల భౌతికశాస్త్రంలో ఉన్న ఈ ఒక్క సూత్రం నుంచే కాయిల్ స్వభావంలో చాలా భాగం రాబట్టవచ్చు. వ్యాసం రెట్టింపు అయితే అడ్డకోత నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి అదే నిరోధం రావాలంటే తీగ పొడవు నాలుగు రెట్లు ఉండాలి. నాలుగు రెట్ల పొడవు, రెండు రెట్ల చుట్టుకొలత కలిస్తే ఉపరితలం ఎనిమిది రెట్లు. నాలుగు రెట్ల పొడవు, నాలుగు రెట్ల అడ్డకోత కలిస్తే బరువు పదహారు రెట్లు. రెండు కాయిళ్ల మీదా రాసి ఉన్న ఓమ్ అంకె మాత్రం ఒక్కటే. ఒకటి ఎనిమిది రెట్ల విశాలమైన పొయ్యి, కానీ దాన్ని రాజేయడానికి పదహారు రెట్ల సమయం పడుతుంది. ఓమ్ అంకెను మాత్రమే చూసి కాయిల్‌ను అంచనా వేయడం ఎందుకు కుదరదో చెప్పడానికి ఇంతకంటే వేరే వాదన అక్కర్లేదు.

అంకెల్లో చూద్దాం. తీగ మందాన్ని గేజ్‌లలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, ఆరు గేజ్‌లు దాటితే వ్యాసం సగమవుతుంది. 26 గేజ్ అంటే 0.405 మిల్లీమీటర్లు, 24 గేజ్ అంటే 0.511. కాంతల్ ఏ1 అనే తీగ 26 గేజ్‌లో మీటరుకు సుమారు 11.3 ఓమ్‌లు ఇస్తుంది. మూడు మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లు చుడితే, చుట్టుకు 10.7 మిల్లీమీటర్ల చొప్పున 64 మిల్లీమీటర్లు పడుతుంది. కాళ్లకు మరో పది. మొత్తం 74 మిల్లీమీటర్లు, 0.83 ఓమ్. ఇలాంటివి రెండు పక్కపక్కన సమాంతరంగా బిగిస్తే 0.42 ఓమ్. రెంటి ఉపరితలం కలిపి 189 చదరపు మిల్లీమీటర్లు. 40 వాట్లు పెడితే ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే వేడి సుమారు 210 మిల్లీవాట్లు.

ఈ చివరి అంకెను ఉష్ణ అభివాహం అంటారు. కాయిల్ చుట్టేవాళ్లు ఓమ్‌ల కంటే ముందు పట్టించుకోవలసిన అంకె ఇదే. 100 చుట్టుపక్కల ఉంటే ఆవిరి చల్లగా, పలచగా వస్తుంది, రుచి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. 200 చుట్టుపక్కల చాలామందికి నప్పుతుంది. 300 దాటి పోతుంటే ఆవిరి వేడెక్కి గొంతును గీరుతుంది, దూదికి ఊపిరి సలపదు. పైన చెప్పిన జంట కాయిల్‌నే 80 వాట్ల మీద పెడితే అంకె 420 దాటుతుంది. అప్పుడు వాట్లు తగ్గించాలి, లేదా ఉపరితలం పెంచాలి. వేరే దారి లేదు.

తీగ వేడెక్కే వేగాన్ని కూడా ఇదే కాయిల్‌తో లెక్కగట్టవచ్చు. ఆ రెండు కాయిళ్ల లోహం బరువు 0.14 గ్రాములకు లోపే. దాన్ని గది వేడిమి నుంచి 250 డిగ్రీలకు తేవడానికి 14 జౌళ్లు చాలు. అంటే 40 వాట్ల దగ్గర మూడో వంతు సెకను. నొక్కగానే పలికినట్టు అనిపించే కాయిల్ ఇది. లోహం బరువు పెరిగేకొద్దీ ఆ చురుకుదనం పోతుంది. పీల్పు మొదటి సగం వేడెక్కడానికే పోతే ఆ సగంలో రుచి ఉండదు, రెండో సగంలో వేడి మితిమీరుతుంది. పెద్ద కాయిళ్లతో రుచి మొద్దుబారిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

సన్న తీగ చుట్టిన లావు తీగ

ఉపరితలం పెంచాలి, నిరోధం మారకూడదు, పొడవు డెక్‌లో, అంటే కాయిల్‌ను బిగించే వేదికలో, పట్టాలి. ఈ మూడూ కలిసి కుదిరే ఉపాయమే క్లాప్టన్ తీగ. లావు తీగ చుట్టూ జుట్టులాంటి సన్న తీగను సందు లేకుండా చుట్టుకుంటూ పోతారు. చూడటానికి గిటారు మందపాటి తంత్రిలా ఉంటుంది, గిటారు వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ పేరు దానికి అలా అంటుకుంది.

దీన్ని భూతద్దం కింద పెట్టినట్టు చూస్తే ఆసక్తికరమైన విషయాలు బయటపడతాయి. లోపల 26 గేజ్ తీగ, పైన 36 గేజ్ తీగ అనుకుందాం. పై తీగ మందం 0.127 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు పొడవున దాదాపు ఎనిమిది చుట్లు పడతాయి. ఆ ఎనిమిది చుట్లకు ఖర్చయ్యే సన్న తీగ పదమూడు మిల్లీమీటర్లు. విద్యుత్తుకు ఇప్పుడు రెండు దారులు: లావు తీగలో సూటిగా ఒక మిల్లీమీటరు, లేదా సన్న తీగలో మెలికలు తిరుగుతూ పదమూడు మిల్లీమీటర్లు. సన్న తీగ దారి నిరోధం లావు తీగ దానికి నూట ముప్పై రెట్ల పైన ఉంటుంది. అందుకే విద్యుత్ ప్రవాహంలో నూటికి ఒక పాలు కూడా పై తీగలోకి పోదు. అది తనంతట తాను వేడెక్కదు. లోపలి తీగ తనకు ఆనిన చోట అందించే వేడినే పుచ్చుకుని ద్రవానికి పంచుతుంది.

లాభం ఏమిటంటే, నిరోధం ఇంచుమించు కదలకుండానే లోహపు ఉపరితలం లెక్క ప్రకారం నాలుగు రెట్లు దాటుతుంది. లోపలి వైపుకు తిరిగి ఉన్న భాగాన్ని తీసేసినా రెండు రెట్లకు తగ్గదు. అంతకన్నా విలువైనది చుట్టుకూ చుట్టుకూ మధ్య ఏర్పడే గాడి. ఆ గాళ్లలోకి ద్రవం తానే పాకి పలచని పొరలా నిలుస్తుంది. దూదికి తగలని వైపున కూడా తీగ తడిగా ఉంటుంది. పలచని పొర త్వరగా, సమంగా మరుగుతుంది. క్లాప్టన్‌తో రుచి పెరిగిందని అందరూ చెప్పేదానికి ప్రధాన కారణం ఈ గాళ్లే.

నష్టం బరువులో ఉంది. లోహం 2.3 రెట్లు అవుతుంది. ఇందాకటి మూడో వంతు సెకను ముప్పావు సెకనును దాటుతుంది. రెండు మూడు లావు తీగలను పక్కపక్కన పేర్చి వాటి మీద సన్న తీగ చుట్టే ఫ్యూజ్డ్ క్లాప్టన్‌లో తీగల మధ్య లోయలు కూడా చేరి ద్రవాన్ని ఇంకా ఎక్కువ పట్టి ఉంచుతాయి, బరువు కూడా అలాగే పెరుగుతుంది. ముందే చుట్టి సాగదీసిన సన్న తీగను అలల్లా పరిచే ఏలియన్, బద్దీ తీగలను దొంతరగా పేర్చే స్టేపుల్ వంటి అల్లికలు ఈ దారిలోనే ఇంకా ముందుకు పోయినవి. వాటిని చుట్టే చేతి నైపుణ్యం నిజంగా మెచ్చుకోదగినది. అయితే రుచి పరంగా చూస్తే పెరుగుదల ఒక దశ తర్వాత బాగా నెమ్మదిస్తుంది. లోపల 28 గేజ్ తీగలు రెండు, పైన 36 నుంచి 38 గేజ్ తీగ ఉన్న మామూలు ఫ్యూజ్డ్ క్లాప్టన్ రుచికీ చురుకుదనానికీ మధ్య మంచి బిందువు. అంతకు మించినవి చాలావరకు ఆవిరి కోసమే.

లోహాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కాంతల్ ఇనుము, క్రోమియం, అల్యూమినియంల మిశ్రమం. 1926లో స్వీడన్‌లో హాన్స్ ఫాన్ కాంట్సో రూపొందించాడు. వేడి చేసినప్పుడు దాని మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర కట్టి లోపలి లోహాన్ని కాపాడుతుంది. నైక్రోమ్ 80లో నికెల్ 80 పాళ్లు, క్రోమియం 20 పాళ్లు. దీని తొలి పేటెంటు 1906 నాటి ఆల్బర్ట్ మార్ష్‌ది. అదే మందం, అదే పొడవు ఉంటే నైక్రోమ్ నిరోధం కాంతల్ నిరోధంలో నాలుగింట మూడు వంతుల దాకా ఉంటుంది. నికెల్ పడని చర్మం ఉన్నవాళ్లు దీనికి దూరంగా ఉండటం మేలు. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు నిరోధం ఇంకా తక్కువ, పైగా వేడితో పాటు అది కొలవదగినంత పెరుగుతుంది. ఆ పెరుగుదలను చదివి వేడిని ఒక హద్దులో ఆపే పరికరాలు 2014 ప్రాంతంలో శుద్ధ నికెల్ తీగతో వాడుకలోకి వచ్చాయి, తర్వాత టైటానియం, స్టీలు కూడా చేరాయి. శుద్ధ నికెల్‌ను, టైటానియంను దూది లేకుండా ఎర్రగా కాల్చకూడదు. ఈ ఒక్క నియమానికి మినహాయింపు లేదు.

దూది

నూనె ఎక్కుతున్నంత సేపు దీపపు వత్తి తాను కాలకుండా నూనెనే మండిస్తుంది, నూనె ఆగిన క్షణం వత్తే కాలిపోతుంది. కాయిల్ లోపలి దూది కూడా అంతే. తీగ చుట్టూ ద్రవం ఉన్నంత సేపు వేడంతా ద్రవం మరగడానికే పోతుంది, మరుగుతున్న ద్రవం తన మరుగు స్థానాన్ని దాటి వేడెక్కదు. ద్రవం తరిగిపోయిన చోట ఆ కాపలా పోతుంది. తీగ వేడి క్షణాల్లో వందల డిగ్రీలు పైకి ఎగబాకుతుంది. రెండు వందల డిగ్రీలు దాటాక గోధుమ రంగుకు తిరుగుతూ వచ్చే దూది మూడు వందల దగ్గర మాడుతుంది. వీజీ ఎక్కువున్న ద్రవం మరిగే వేడికీ, దూది మాడే వేడికీ మధ్య ఉన్న ఎడం ఎంత ఇరుకైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ద్రవం దూదిలో పాకేది కేశనాళికీయత వల్ల. పోగుల మధ్య సందులు దాన్ని లాగుతాయి, దాని చిక్కదనం అడ్డుపడుతుంది. 20 డిగ్రీల దగ్గర గ్లిజరిన్ చిక్కదనం ప్రొపిలీన్ గ్లైకాల్ కంటే పాతిక రెట్లు ఉంటుంది. వీజీ పాలు పెంచితే మబ్బు పెరుగుతుంది కానీ దూదిలో ద్రవం నడక మందగిస్తుంది. ఊరటనిచ్చే విషయం ఒకటుంది. 60 డిగ్రీలకు వెచ్చబడేసరికి గ్లిజరిన్ చిక్కదనం పదిహేనో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. రెండు మూడు పీల్పుల తర్వాత కాయిల్ కుదురుకున్నట్టు అనిపించడానికి, చలి వేళ మొదటి పీల్పే మాడు కొట్టడానికి కారణం ఇదే.

దూదిని ఎంత కూరాలి అన్నదే ఇందులో చేతికి అలవాటు కావలసిన పని. బిగుతుగా కూరితే పోగులు నలిగి దారులు మూసుకుపోతాయి, ద్రవం కాయిల్ మధ్యకు చేరదు. వదులుగా పెడితే దూదికీ తీగకూ మధ్య ఖాళీలు మిగిలి ఆ చుట్లు ఎండిపోతాయి, ద్రవం గాలి రంధ్రాల్లోంచి కారుతుంది. ఎండు దూదిని కాయిల్‌లోంచి లాగుతున్నప్పుడు కొద్దిగా బిగువు తెలియాలి, కాయిల్ మాత్రం వంగకూడదు, చుట్లు దానితో పాటు జరగకూడదు. తడిసినప్పుడు దూది ఉబ్బుతుందని గుర్తుంచుకుంటే ఈ కొలత దానంతట అదే అర్థమవుతుంది. బయట మిగిలిన తోకలను సన్నగా దువ్వి పలచన చేయడం చాలామంది వదిలేసే పని. కాయిల్ లోపల దూది నిండుగా ఉండాలి, బయట ద్రవాన్ని తాకే చోట పలచగా విచ్చుకుని ఉండాలి. ద్రవం ప్రవేశించే ద్వారం ఆ తోకే. తోకలను బిగుతుగా కుక్కితే ఎంత మంచి తీగ పెట్టినా ప్రయోజనం ఉండదు.

కాయిల్ లోపలి వ్యాసం కూడా నిజానికి దూదికి సంబంధించిన కొలతే. రెండున్నర మిల్లీమీటర్ల నుంచి మూడుకు పెంచితే దూది పట్టే చోటు నలభై నాలుగు శాతం పెరుగుతుంది. ఎక్కువ వాట్ల కాయిల్‌కు మూడు, మూడున్నర మిల్లీమీటర్ల వ్యాసం ఎంచుకునేది ఈ నిల్వ కోసమే. కానీ వ్యాసం పెరిగేకొద్దీ నడిమి దూది తీగకు దూరమవుతుంది, చుట్టు పొడవు పెరిగి లోహం బరువూ పెరుగుతుంది. రుచి ముఖ్యం అనుకునేవాళ్లు రెండున్నర, మూడు దగ్గర ఆగితే చాలు.

ఎండిన దూది మీద పీల్చడం రుచి పాడవడంతో ఆగిపోయే సంగతి కాదు. మితిమీరిన వేడికి గ్లిజరిన్ నీటిని కోల్పోయి అక్రోలిన్ అవుతుంది. మాడిన నూనె ఘాటు అక్రోలిన్‌దే. ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ కూడా ఇక్కడే పుడతాయి. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక లేఖ ఈ విషయంలో పెద్ద చర్చ లేపింది. ఒకే పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే ఫార్మాల్డిహైడ్ విడుదల చేసే పదార్థాలు కనిపించలేదు, 5 వోల్టుల దగ్గర గణనీయంగా కనిపించాయి. ఆ పరికరం 5 వోల్టుల దగ్గర మాడు ఆవిరి ఇస్తుందని, దాన్ని ఏ మనిషీ పీల్చలేడని ఇతర పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో బలం ఉంది. అయినా ఆ లేఖలోని రెండు అంకెల మధ్య తేడాను తోసిపుచ్చలేం. అదే తీగ, అదే ద్రవం, వేడి మారగానే రసాయనం మారిపోయింది. మాడు వాసన తగలగానే ఆపేయడం, వాట్లు తగ్గించి దూది మార్చడం ఆరోగ్యం దృష్ట్యా తప్పనిసరి. 'ఇంకో రెండు పీల్పులకు సర్దుకుంటుంది' అనుకోవడం ప్రమాదకరం.

గాలి

రుచికీ మబ్బుకూ దారులు విడిపోయేది ఇక్కడే. మనం రుచి అనుకునేదానిలో పెద్ద భాగం నిజానికి గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే వాసన. అది ఆవిరిలోని సువాసన పదార్థాల సాంద్రత మీద ఆధారపడుతుంది. గాలి ఎక్కువగా కలిపితే కాయిల్ చల్లగా ఉంటుంది, ఎక్కువ వాట్లు పెట్టవచ్చు, మబ్బు పెద్దదవుతుంది, కానీ ప్రతి గుక్కలో వాసన పలచబడుతుంది. గాలి రంధ్రం బిగిస్తే రుచి చిక్కబడుతుంది, వేడి పెరుగుతుంది, వాట్లు తగ్గించక తప్పదు. రెంటినీ ఒకే కాయిల్‌లో తారస్థాయికి తీసుకుపోతామని చెప్పే మాటలు నమ్మదగినవి కావు.

గాలి ఎంత అన్నదానితో పాటు ఎక్కడ తగులుతోంది అన్నది కూడా ముఖ్యం. గాలి కాయిల్ అడుగు భాగాన్నో పక్కనో నేరుగా ఒరుసుకుంటూ పోవాలి. రంధ్రానికి ఒక మిల్లీమీటరు పైనో కిందో బిగించిన కాయిల్ పక్క నుంచి గాలి ఊరికే జారిపోతుంది. ఆవిరిలో కొంత భాగం కాయిల్ చుట్టూ ఉన్న గది గోడల మీద ద్రవంగా పేరుకుంటుంది, మిగతాదే నోటికి చేరుతుంది. ఆ గది చిన్నదైతే, పైకప్పు గుమ్మటంలా ఉంటే ఈ నష్టం తగ్గుతుంది. రుచి కోసం పేరుపడ్డ అటామైజర్లన్నిటిలో (కాయిల్, దూది ఉండే భాగాన్ని అటామైజర్ అంటారు) ఉమ్మడిగా కనిపించేది ఈ ఇరుకు గదే.

సువాసన పదార్థాలు కూడా అన్నీ ఒకే వేడికి లేవవు. పండ్ల వాసననిచ్చే ఈథైల్ బ్యుటిరేట్ 121 డిగ్రీలకే మరుగుతుంది, వెనిలిన్ 285 డిగ్రీల దగ్గర గానీ మరగదు. పండ్ల రుచులకు తక్కువ వేడి, ఎక్కువ గాలి నప్పడం, వెనిలా, కాఫీ వంటి గాఢమైన రుచులు కాస్త వెచ్చని కాయిల్ మీదే తెరుచుకోవడం కేవలం ఊహ కాదు. ఒకే కాయిల్ అన్ని ద్రవాలకూ సరిపోలేదని విసుక్కునే ముందు ఐదు వాట్లు పైకో కిందికో జరిపి చూడటం తేలికైన పని.

బిగింపు, బ్యాటరీ

చుట్టిన కాయిల్‌ను పోస్టుల్లో బిగించి, తీగ శుద్ధ నికెల్, టైటానియం కాకపోతే, దూది పెట్టక ముందే తక్కువ వాట్ల మీద ఒక్కో క్షణం వేడి చేసి చూడాలి. మంచి కాయిల్ నడిమి నుంచి మొదలై రెండు చివరలకూ సమంగా ఎర్రబడుతుంది. ఒక చుట్టు మాత్రం ముందే తెల్లగా మండుతుంటే అక్కడ తీగ పక్క చుట్టును సరిగా తాకడం లేదు. వేడి కాళ్లలోనే కనిపిస్తుంటే స్క్రూ వదులుగా ఉంది, లేదా కాలు మరీ పొడవుగా ఉంది. బటన్ వదిలేశాక పింగాణీ మొన ఉన్న ట్వీజర్‌తో చుట్లను మెల్లగా గీరి, దగ్గరికి నొక్కి, మళ్లీ వేడి చేస్తే రెండు మూడు సార్లకు సర్దుకుంటుంది. తీగ మీద కట్టే ఆక్సైడ్ పొరే చుట్టుకూ చుట్టుకూ మధ్య విద్యుత్ దూకకుండా ఆపుతుంది, అందుకే ఈ పని ఓపికగా చేయాలి. తీగ చివర పోస్టు దాటి అర మిల్లీమీటరు బయటికి ఉన్నా మూతకు తగిలి షార్ట్ అవుతుంది. కత్తిరింపు ఎంత దగ్గరగా ఉంటే అంత క్షేమం.

బ్యాటరీ విషయంలో మాత్రం ఓమ్ అంకెకు పూర్తి గౌరవం ఇవ్వాలి. 18650 రకం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. మెకానికల్ మాడ్ అనే, ఎలాంటి ఎలక్ట్రానిక్ రక్షణ లేని పరికరంలో 0.42 ఓమ్ కాయిల్ పది ఆంపియర్లు లాగుతుంది. 0.2 ఓమ్ అయితే 21, 0.1 ఓమ్ అయితే 42. ఈ పరిమాణంలో మంచి బ్యాటరీలే నిరంతరంగా 20 నుంచి 30 ఆంపియర్ల వరకే తట్టుకుంటాయి. 0.1 ఓమ్ కాయిల్‌ను ఒంటరి బ్యాటరీ మీద నడపడం బాంబును చేత్తో పట్టుకోవడమే. పైపొర చిరిగిన బ్యాటరీని వాడటం కూడా అంతే ప్రమాదం. అమెరికా అగ్నిమాపక సంస్థ 2017లో వెలువరించిన నివేదిక 2009 నుంచి 2016 వరకు ఆ దేశంలో పత్రికలకెక్కిన 195 పేలుళ్లు, అగ్నిప్రమాదాలను లెక్కగట్టింది. 2018 మే నెలలో ఫ్లోరిడాలో ఒక వ్యక్తి పరికరం పేలి, దాని ముక్క తలలోకి దూసుకుపోయి మరణించాడు.

ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న పరికరంలో లెక్క తిరగబడుతుంది. అక్కడ బ్యాటరీ నుంచి పోయే ప్రవాహాన్ని నిర్ణయించేది వాట్లే, కాయిల్ నిరోధం కాదు. బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, అదే వాట్లు ఇవ్వడానికి ఎక్కువ ఆంపియర్లు లాగవలసి వస్తుంది. ఒక్క బ్యాటరీ పరికరంలో 80 వాట్లు పెడితే, 3.2 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లు దాటిపోతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు చేసిన లెక్క చివరిదాకా చెల్లదు.

కాయిల్ ఎంతకాలం నిలుస్తుంది అన్నది తీగ కన్నా ద్రవంలోని తీపి మీద ఆధారపడుతుంది. సుక్రలోజ్ వంటి తీపి పదార్థాలు ఆవిరి కాకుండా తీగ మీద నల్లని పొరగా మిగిలిపోతాయి. ఆ పొర వేడిని అడ్డుకుంటుంది, క్లాప్టన్ గాళ్లను పూడ్చేస్తుంది. దూది తీసేసి, కాంతల్ లేదా నైక్రోమ్ తీగనైతే తక్కువ వాట్ల మీద ఎర్రబడేంత కాల్చి, చల్లారాక నీళ్ల కింద మెత్తని బ్రష్‌తో తోమితే గాళ్లు మళ్లీ తెరుచుకుంటాయి. కానీ తీగకు కూడా ఆయుష్షు ఉంది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో 56 మంది రోజువారీ వాడకందార్ల పరికరాలను పరీక్షించినప్పుడు, సీసాలోని ద్రవంలో నామమాత్రంగా ఉన్న నికెల్, క్రోమియం, సీసం వంటి లోహాలు కాయిల్ గుండా వచ్చిన ఆవిరిలో ఎక్కువగా కనిపించాయి. అంటే అవి వేడి చేసే భాగం నుంచే వస్తున్నాయి. అందుకే కొత్త కాయిల్ బిగించిన రోజున, అది చల్లగా ఉన్నప్పుడు నిరోధం ఎంతో రాసిపెట్టుకోవాలి. శుభ్రం చేసిన ప్రతిసారీ మళ్లీ చల్లగానే కొలవాలి. అంకె జరిగిపోతూ ఉన్నా, వంచితే తీగ పెళుసుగా విరుగుతున్నా, గాళ్లలో మచ్చలు పోకుండా నిలిచినా ఆ కాయిల్ తీసి పారేసి కొత్తది చుట్టుకోవాలి.